పదో తరగతి సమీకరణాలు, టవర్ మీది యాంటెన్నాలు

2018 వేసవిలో గుంటూరు జిల్లాలోని ఒక పట్టణం నుంచి మా మొబైల్ నెట్‌వర్క్ ఇంజినీర్ల బృందానికి ఒకే రకమైన ఫిర్యాదు పదే పదే వచ్చేది. ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, కాల్స్ తెగడం లేదు, కానీ డేటా వేగం మాత్రం అదే ఊళ్లో మరో వీధిలో వచ్చేదానిలో సగం దగ్గర ఆగిపోతోంది. సైట్ మీద రద్దీ లేదు, టవర్‌ను మిగతా నెట్‌వర్క్‌తో కలిపే బ్యాక్‌హాల్ లింకు ఖాళీగానే ఉంది, కంట్రోల్ రూమ్ తెర మీద ఒక్క అలారం కూడా లేదు. చివరికి ల్యాప్‌టాప్, టెస్ట్ ఫోన్లు కారులో పెట్టుకుని నేనే డ్రైవ్ టెస్ట్‌కు వెళ్లాను. ఆ వీధుల్లో తిరుగుతుండగా తెర మీద రెండు సంగతులు కంటికి ఆనాయి. 2 చూపించవలసిన ర్యాంక్, అంటే ఒకేసారి అందే డేటా ప్రవాహాల సంఖ్య, వీధి పొడవునా 1 దగ్గరే నిలిచిపోయింది. మొదటి యాంటెన్నా పోర్టు నుంచి అందుతున్న బలంతో పోలిస్తే రెండో పోర్టు నుంచి అందుతున్నది దాదాపు 20 డెసిబెల్స్ తక్కువగా, అంటే నూరో వంతుగా ఉంది.

మర్నాడు పొద్దున్నే, టవర్లెక్కి పనిచేసే రిగ్గర్‌తో కలిసి ఆ మూడంతస్తుల మేడ పైకెక్కాను. ఒకే స్తంభానికి మూడు సెక్టార్ల, అంటే మూడు దిక్కుల, రేడియో పెట్టెలు పక్కపక్కనే బిగించి ఉన్నాయి. ఒక్కో పెట్టె నుంచి రెండేసి జంపర్ కేబుళ్లు బయలుదేరి తమ దిక్కు యాంటెన్నాకు వెళ్లాలి. ఏ కేబుల్ ఎవరిదో తెలియడానికి చివర్లలో చుట్టిన రంగు టేపులు ఎండకు వెలిసిపోయి, ఎరుపేదో నారింజేదో తేల్చుకోలేని స్థితికి వచ్చాయి. ఒక్కొక్క కేబుల్‌ను చేత్తో తడుముకుంటూ చివరి దాకా వెళ్లి చూస్తే, తూర్పు సెక్టార్ రెండో కేబుల్ దక్షిణపు యాంటెన్నాకూ, దక్షిణ సెక్టార్ రెండో కేబుల్ తూర్పు యాంటెన్నాకూ బిగించి ఉన్నాయి. కనెక్టర్లన్నీ గట్టిగా ఉన్నాయి కాబట్టి శక్తి వెనక్కి తన్నడం లేదు, అందువల్ల అలారం రావడానికి కారణమే లేదు. రెండు కేబుళ్లనూ విప్పి వాటి స్థానాల్లో బిగించడానికి ఇరవై నిమిషాలు పట్టింది. సాయంత్రం మళ్లీ అవే వీధుల్లో తిరిగితే ర్యాంక్ 2 కనిపించింది.

ఫోన్‌లోని గీతలు ఈ సంగతిని ఎందుకు చెప్పలేకపోయాయి? ఎల్‌టీఈలో, అంటే 4జీలో, ఆ గీతలకు ఆధారమైన కొలత ప్రధానంగా మొదటి పోర్టు పంపే రిఫరెన్స్ సిగ్నల్స్ నుంచి వస్తుంది. మొదటి యాంటెన్నా బాగున్నంత వరకు గీతలు నిండుగానే ఉంటాయి. వేగం మాత్రం రెండు యాంటెన్నాలూ కలిసి పనిచేయడం మీద ఆధారపడుతుంది. ఎలా కలిసి పనిచేస్తాయన్నది ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం. ఆ రోజు నుంచి, కొత్తగా చేరిన ఇంజినీర్లకు మేము మైమో అని పిలుచుకునే ఈ బహుళ యాంటెన్నాల పద్ధతిని వివరించవలసి వచ్చినప్పుడల్లా నేను పదో తరగతి గణితంలోని 'రెండు చరరాశుల్లో రేఖీయ సమీకరణాల జత' పాఠం దగ్గర మొదలుపెడుతున్నాను.

టవర్ మీద రెండు యాంటెన్నాలు ఉన్నాయనుకుందాం. ఒకే క్షణంలో, ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకటి ఎక్స్ అనే సంఖ్యను, మరొకటి వై అనే సంఖ్యను పంపుతాయి. ఫోన్‌లోని ఏ యాంటెన్నాకూ ఎక్స్ విడిగానో వై విడిగానో అందదు, రెండూ కలగలిసి ఒకే మొత్తంగా అందుతాయి. మొదటి యాంటెన్నాకు మూడు ఎక్స్‌లూ ఒక వై కలిసి 11 అందింది. ఇక్కడ 3, 1 అనే గుణకాలు గాలిలోని దారి నిర్ణయించినవి. ఈ ఒక్క సమీకరణంతో ఎక్స్‌ను గానీ వైని గానీ కనుక్కోలేము. రెండో యాంటెన్నాకు వేరే పాళ్లలో కలిసినది అందితే, ఉదాహరణకు ఎక్స్ నుంచి మూడు వైలు తీసివేస్తే మైనస్ 13 అని అందితే, ఎక్స్ 2, వై 5 అని ఇట్టే తేలిపోతుంది. ఒకే బ్యాండ్‌విడ్త్‌లో, ఒకే సమయంలో రెండు సంఖ్యలు చేరాయన్నమాట. ర్యాంక్ 2 అంటే ఇదే.

ఇప్పుడు రెండో యాంటెన్నాకు అందినది 3.1 ఎక్స్‌లూ ఒక వై కలిసి 11.2 అనుకోండి. గణితం ప్రకారం ఇదీ పరిష్కరించగల జతే, జవాబూ 2, 5 అనే వస్తుంది. కానీ రేడియోలో నాయిస్, అంటే సిగ్నల్‌లో కలిసిపోయే అనవసరపు అలజడి, ఎప్పుడూ ఉంటుంది. ఆ 11.2 కాస్తా 11.3గా అందిందనుకుంటే ఎక్స్ 3, వై 2 అయిపోతాయి. పదో వంతు పొరపాటుకు జవాబు మొత్తం తారుమారైంది. అదే పదో వంతు పొరపాటు ముందు చెప్పిన జతలో జరిగి, మైనస్ 13కు బదులు మైనస్ 12.9 అందితే ఎక్స్ 2.01, వై 4.97 వస్తాయి, ఫోన్ వాటిని ఏ ఇబ్బందీ లేకుండా 2, 5 అని గుర్తుపడుతుంది. కాగితం మీద గీతలు గీసి చూస్తే మొదటి జత లంబంగా ఖండించుకుంటుంది, రెండో జత దాదాపు సమాంతరంగా సాగి ఎక్కడో కలుస్తుంది. బహుళ యాంటెన్నాల వ్యవస్థలో సిగ్నల్ ప్రసారాన్ని మెరుగుపరచడం కోసం గత ముప్పై ఏళ్లలో జరిగిన కృషి దాదాపు అంతా ఈ రెండు పనుల కిందికే వస్తుందని నా అభిప్రాయం: మంచి సమీకరణాలు సంపాదించడం, వాటి గుణకాలను సరిగ్గా, సకాలంలో తెలుసుకోవడం. యాంటెన్నాల సంఖ్య వీటి తర్వాతే. తయారీదారుల ప్రకటనల్లో మాత్రం ఆ సంఖ్యే పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది.

ఆ పట్టణంలో జరిగింది కూడా ఈ లెక్కలో స్పష్టంగా కనిపిస్తుంది. కేబుల్ మారిపోవడం వల్ల రెండో యాంటెన్నా వేరే దిక్కుకు తిరిగి ఉంది కాబట్టి, రెండు సమీకరణాల్లోనూ వై గుణకం దాదాపు సున్నా అయిపోయింది. ఎక్స్ దివ్యంగా అందుతోంది, వై నాయిస్‌లో మునిగిపోయింది. ఫోన్ తన వంతుగా ర్యాంక్ 1 అని నిజాయితీగా టవర్‌కు చెప్పింది, టవర్ ఒక్క ప్రవాహమే పంపింది.

మంచి సమీకరణాలు ఎక్కడి నుంచి వస్తాయి? ఈ ప్రశ్నకు జవాబు రేడియో ఇంజినీర్ల ఆలోచనను తలకిందులు చేసింది. దూరదర్శన్ రోజుల్లో మేడ మీది యాంటెన్నాను ఎంత తిప్పినా బొమ్మ పక్కన నీడలా మరో బొమ్మ పడడం నా ఈడువారికి గుర్తుండే ఉంటుంది. కొండకో పెద్ద భవనానికో తగిలి కాస్త ఆలస్యంగా వచ్చిన తరంగం ఆ నీడకు కారణం. మొబైల్ ఫోన్లలో ఇదే ప్రతిఫలనం ఫేడింగ్ రూపంలో బాధిస్తుంది. అనేక దారుల్లో వచ్చిన తరంగాలు ఒకచోట కలిసి బలపడతాయి, నాలుగంగుళాలు జరిగితే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఇంటర్మీడియెట్ భౌతికశాస్త్రంలో చదివిన వ్యతికరణమే ఇది, తెర మీది వెలుగు పట్టీలకూ చీకటి పట్టీలకూ బదులు వీధిలో బలమైన చోట్లూ బలహీనమైన చోట్లూ ఉంటాయి. దశాబ్దాల పాటు ఇంజినీర్లు ఈ ప్రతిఫలనాలను శత్రువుల్లాగే చూశారు. గుణకాలు ఒకదాన్నొకటి పోలకుండా ఉండడానికి కారణం అవేనని, గోడలూ కార్లూ చెట్లూ తరంగాలను చెదరగొట్టడం వల్లే రెండు సమీకరణాలు సమాంతరం కాకుండా ఉంటున్నాయని గ్రహించడానికి 1990ల దాకా పట్టింది.

ఆ గ్రహింపులో ముందున్నవారిలో తమిళనాడులోని పొల్లాచ్చిలో 1944లో పుట్టిన అరోగ్యస్వామి పాల్‌రాజ్ ఒకరు. భారత నౌకాదళంలో పనిచేస్తూ, 1971 యుద్ధంలో ఐఎన్ఎస్ ఖుక్రీ యుద్ధనౌక మునిగిపోయిన తర్వాత సోనార్ మెరుగుదల మీద కృషి చేసి, ఆ తర్వాత ఆప్సోహ్ అనే స్వదేశీ సోనార్ రూపకల్పనకు నాయకత్వం వహించారు. నీటి అడుగున అనేక గ్రాహకాలు విన్న శబ్దాలను కలిపి దిక్కును పసిగట్టడం సోనార్ పని, గాలిలో అనేక యాంటెన్నాలు విన్న తరంగాలను విడదీయడం మైమో పని. వెనకున్న గణితం ఒకే కుటుంబానిది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చేరాక ఆయన థామస్ కైలాత్‌తో కలిసి 1992లో దరఖాస్తు చేసిన పేటెంట్ 1994లో మంజూరైంది. ఒకే ఫ్రీక్వెన్సీలో అనేక యాంటెన్నాల ద్వారా అనేక ప్రవాహాలను పంపి విడదీయవచ్చనే ఆలోచన అందులో ఉంది. 2010లో పద్మభూషణ్, 2014లో మార్కోనీ బహుమతి ఆయనకు లభించాయి. సముద్రం దగ్గర మొదలైన పని మన చేతి ఫోన్ దాకా వచ్చిన ఈ దారి గురించి మన ఇంజినీరింగ్ కాలేజీల్లో ఒక్క క్లాసైనా చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇలా అనేక ప్రవాహాలు పంపడం వల్ల ఎంత లాభమో ఒక చిన్న లెక్క చెబుతుంది. 1948లో గణితజ్ఞుడు క్లాడ్ షానన్ ఇచ్చిన సూత్రం ప్రకారం సిగ్నల్ బలం నాయిస్ కన్నా 100 రెట్లు ఉంటే ఒక్కో హెర్ట్జ్‌లో సెకనుకు గరిష్ఠంగా 6.66 బిట్లు పంపవచ్చు. ట్రాన్స్‌మిటర్ శక్తిని రెట్టింపు చేసి ఆ నిష్పత్తిని 200 చేస్తే దక్కేది 7.65 బిట్లు, అంటే కరెంటు బిల్లు రెండింతలై ఒక్క బిట్ పెరిగింది. అదే పాత శక్తిని చెరిసగం చేసి, ఒకదానికొకటి అడ్డురాని రెండు దారుల్లో పంపితే, ఒక్కో దారిలో నిష్పత్తి 50కి తగ్గినా ఒక్కోటి 5.67 బిట్లు మోస్తుంది, మొత్తం 11.34 అవుతుంది. బెల్ ల్యాబ్స్‌లో ఎమ్రే టెలాటార్ 1995లోనూ, జెరార్డ్ ఫోషినీ 1996లోనూ ఈ పెరుగుదల యాంటెన్నాల సంఖ్యకు అనులోమంగా సాగుతుందని గణితపరంగా చూపించారు. 1998లో అదే ప్రయోగశాలలో వీ-బ్లాస్ట్ అనే నమూనా, గదుల్లో జరిపిన పరీక్షల్లో, హెర్ట్జ్‌కు సెకనుకు 20 నుంచి 40 బిట్ల దాకా సాధించింది. దారులు సమానంగా లేనప్పుడు ఏ దారిలో ఎంత శక్తి పెట్టాలన్నదానికి వాటర్ ఫిల్లింగ్ అనే పద్ధతి ఉంది. ఎగుడుదిగుడు మడికి నీరు పెడితే పల్లం ముందు నిండి, మెరక చివరికి తడుస్తుంది, నీరు చాలకపోతే మెరక తడవనే తడవదు. మంచి దారికి ఎక్కువ, నాసి దారికి తక్కువ, మరీ నాసిదానికి అసలేమీ పెట్టకపోవడమే ఇక్కడా సరైన లెక్క.

ఇదంతా ఫోన్‌లో రెండు యాంటెన్నాలైనా ఉన్నప్పటి మాట. ఫోన్‌లో ఒక్కటే ఉండి, టవర్‌కు గుణకాలు తెలియని సందర్భంలో ఏం చేయాలి? ఈ ప్రశ్నకు 1998లో సియావాష్ అలమౌటి ఇచ్చిన జవాబు ఈ రంగంలో నేను చూసిన అత్యంత అందమైన ఆలోచన. దాన్ని ఇక్కడ కాస్త వివరంగా రాయకుండా ముందుకు వెళ్లలేను.

పంపవలసిన సంఖ్యలు 2, 5. మొదటి యాంటెన్నా నుంచి ఫోన్‌కు దారి గుణకం 3, రెండో యాంటెన్నా నుంచి గుణకం 1. మొదటి క్షణంలో మొదటి యాంటెన్నా 2ను, రెండో యాంటెన్నా 5ను పంపుతాయి. ఫోన్‌కు 6, 5 కలిసి 11 అందుతుంది. రెండో క్షణంలో స్థానాలు మార్చి, మొదటి యాంటెన్నా మైనస్ 5ను, రెండో యాంటెన్నా 2ను పంపుతాయి. ఫోన్‌కు మైనస్ 15, 2 కలిసి మైనస్ 13 అందుతుంది. 11, మైనస్ 13. ముందు చూసిన మంచి జతే ఇది. అక్కడ రెండో సమీకరణాన్ని రెండో యాంటెన్నా ఇచ్చింది, ఇక్కడ కాలం ఇచ్చింది. పైగా అక్కడ ఆ లంబకోణం అదృష్టం కొద్దీ దొరికింది, ఇక్కడ పంపే పద్ధతే దాన్ని తయారుచేస్తుంది, గుణకాలు ఏవైనా సరే. ఫోన్ 11ను 3తో, మైనస్ 13ను 1తో గుణించి కలిపితే 20 వస్తుంది, అది 10 రెట్ల 2. 11ను 1తో గుణించి అందులోంచి మైనస్ 13ను 3తో గుణించినది తీసివేస్తే 50 వస్తుంది, అది 10 రెట్ల 5. ఆ 10 అనేది 3 వర్గం, 1 వర్గం కలిసిన మొత్తం. మొదటి దారి పూర్తిగా ఫేడింగ్‌లో పడి గుణకం సున్నా అయినా, రెండో దారి వర్గం మిగిలే ఉంటుంది కాబట్టి రెండు సంఖ్యలూ బయటపడతాయి. వాస్తవంలో గుణకాలూ పంపే సంఖ్యలూ సంకీర్ణ సంఖ్యలు, అందువల్ల రెండో క్షణంలో పంపే సంఖ్యల సంయుగ్మాలను పంపాలి, తేడా అంతే.

దీని విలువ సంభావ్యతలో తెలుస్తుంది. చుట్టూ ప్రతిఫలనాలున్న చోట ఒక దారి బలం సగటులో నూరో వంతు కన్నా తక్కువకు పడిపోయే అవకాశం సుమారు నూటికి ఒకటి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారులూ ఒకేసారి అలా పడిపోయే అవకాశం పదివేలకు ఒకటి. వేగం పెరగలేదు, రెండు క్షణాల్లో రెండు సంఖ్యలే వెళ్లాయి, కానీ నమ్మకం పెరిగింది. ఉన్న యాంటెన్నాలను వేగానికి వాడాలా నమ్మకానికి వాడాలా అన్నది ఇక్కడి నుంచి పుట్టిన ప్రశ్న. రెండింటినీ పూర్తిగా ఒకేసారి పొందలేమని, ఒకటి పెంచితే రెండోది ఎంత తగ్గుతుందో 2003లో లిజోంగ్ జెంగ్, డేవిడ్ త్సే ఖచ్చితంగా లెక్కగట్టారు.

చుట్టూ ప్రతిఫలించే వస్తువులు లేని బయలు ప్రదేశం సంగతి కూడా చెప్పాలి. పొలాల మధ్య, టవర్ కళ్లెదుటే కనిపిస్తున్న చోట సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంటుంది, కానీ అన్ని యాంటెన్నాల నుంచీ దారి ఒక్కటే కాబట్టి సమీకరణాలు సమాంతరమైపోతాయి. కొత్త ఇంజినీర్లు ఇక్కడే తికమకపడతారు. ఇంత బలమైన సిగ్నల్‌లో నాలుగు ప్రవాహాలు ఎందుకు రావడం లేదని అడుగుతారు. ఇలాంటి చోట ఆదుకునేది తరంగపు ధ్రువణం, అంటే అది కంపించే దిక్కు. టవర్ మీది ప్యానెల్ తెరిచి చూస్తే ప్రతి స్థానంలోనూ రెండు చిన్న కడ్డీలు ఇంటూ గుర్తులా, ఒకటి కుడికి 45 డిగ్రీలు, ఒకటి ఎడమకు 45 డిగ్రీలు వంగి ఉంటాయి. ఎదురెదురు దారిలో కూడా ఈ రెండు ధ్రువణాలు చాలా వరకు విడివిడిగానే చేరతాయి కాబట్టి కనీసం రెండు ప్రవాహాలు దక్కుతాయి.

ఇక అసలు కష్టమైన భాగానికి వస్తాను. అలమౌటి పద్ధతిలో టవర్‌కు గుణకాలు తెలియనక్కర్లేదు, ఫోన్‌కు తెలిస్తే చాలు. కానీ టవర్‌కు కూడా తెలిస్తే, పంపే ముందే ఒక్కో యాంటెన్నా ఫేజ్‌ను, అంటే తరంగపు దశను, సర్ది, అన్ని తరంగాలూ ఆ ఫోన్ దగ్గర ఒకే తాళంలో కలిసేలా చేయవచ్చు. బీమ్‌ఫార్మింగ్ అనేది ఇదే. 64 యాంటెన్నాలు మొత్తం శక్తి మారకుండా ఇలా కలిస్తే ఆ ఒక్క ఫోన్‌కు అందే బలం 64 రెట్లు, అంటే 18 డెసిబెల్స్ పెరుగుతుంది. ఇంకా ముందుకు వెళ్లి, ఇద్దరు వినియోగదారులకు ఒకే క్షణంలో ఒకే ఫ్రీక్వెన్సీలో వేర్వేరు డేటా పంపుతూ, ఒకరి తరంగాలు మరొకరి దగ్గర సున్నా అయ్యేలా కూడా సర్దవచ్చు.

ఈ రెండు పనులూ పైకి ఒకేలా కనిపిస్తాయి గానీ, వాటికి కావలసిన ఖచ్చితత్వంలో నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉంది. ఒక్కో యాంటెన్నా ఫేజ్‌లో సగటున 30 డిగ్రీల పొరపాటు ఉన్నా బీమ్ బలం 1.2 డెసిబెల్స్ మాత్రమే తగ్గుతుంది, వినియోగదారుకు ఆ తేడా తెలియను కూడా తెలియదు. సున్నా చేయడం అలా కాదు. రెండు సమాన తరంగాలు ఒకదాన్నొకటి చెరిపేసుకోవాల్సిన చోట 10 డిగ్రీల పొరపాటు ఉంటే 15 డెసిబెల్స్ దగ్గరే ఆగిపోతాము, 30 డెసిబెల్స్ దాకా చెరపాలంటే పొరపాటు 2 డిగ్రీల లోపు ఉండాలి. ఒకరికి సిగ్నల్ చేర్చడానికి ఉజ్జాయింపు సరిపోతుంది, పక్కవారికి తగలకుండా చూడడానికి మాత్రం గుణకాలు అచ్చంగా తెలియాలి. ఒక్కరే ఉన్నప్పుడు అద్భుతంగా నడిచిన నెట్‌వర్క్, నలుగురికి ఒకేసారి పంపబోయేసరికి కాగితం మీది అంకెలకు దూరంగా ఉండిపోవడానికి మూలం ఇక్కడే ఉంది.

ఈ గుణకాలు టవర్‌కు చేరడానికి రెండు మార్గాలున్నాయి. పంపడానికీ వినడానికీ వేర్వేరు ఫ్రీక్వెన్సీలు వాడే ఎఫ్‌డీడీలో ఫోనే కొలిచి చెప్పాలి. మొత్తం గుణకాలను పంపితే ఆ సమాచారంతోనే దారి నిండిపోతుంది కాబట్టి, ముందుగా ఇద్దరికీ తెలిసిన కోడ్‌బుక్ అనే అమరికల జాబితాలోంచి దగ్గరగా ఉన్నదాని వరుస సంఖ్యను మాత్రమే పంపుతుంది. దర్జీ ఒంటి కొలతలు తీసుకోకుండా మీడియమా లార్జా అని అడగడం లాంటిది ఇది. 2018లో వచ్చిన 5జీ మొదటి ప్రమాణంలోనే దీనికి తోడు మరింత వివరమైన రెండో రకం కోడ్‌బుక్‌నూ చేర్చారు, దానికి తగ్గట్టు ఫోన్ చెప్పవలసిన బిట్లూ పెరిగాయి.

రెండింటికీ ఒకే ఫ్రీక్వెన్సీని వంతులవారీగా వాడే టీడీడీలో సౌలభ్యం ఎక్కువ. గాలిలోని దారి అటూ ఇటూ ఒకటే కాబట్టి, దారిని కొలవడం కోసం ఫోన్ పంపే సౌండింగ్ సిగ్నల్‌ను విని టవర్ స్వయంగా గుణకాలు తెలుసుకుంటుంది. మన దేశంలో 2022 అక్టోబర్ 1న మొదలైన 5జీలో ప్రధానమైన 3.3 గిగాహెర్ట్జ్ పైబడిన బ్యాండ్ ఈ పద్ధతిదే. ఆ బ్యాండ్‌లో 64 ట్రాన్స్‌మిటర్ల ప్యానెల్ ఒకటి తీసుకుంటే, సాధారణంగా 8 నిలువు వరుసలు, ఒక్కో వరుసలో 12 స్థానాలు, ప్రతి స్థానంలో రెండు ధ్రువణాలు, మొత్తం 192 మూలకాలు ఉంటాయి. ఒక్కో ధ్రువణంలో నిలువుగా మూడేసి మూలకాలను కలిపి ఒక ట్రాన్స్‌మిటర్ నడుపుతుంది. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 8.6 సెంటీమీటర్లు, వరుసల మధ్య దూరం అందులో సగం, అంటే నాలుగున్నర సెంటీమీటర్ల లోపే. అందుకే అన్ని మూలకాలు మనిషి ఛాతీ అంత వెడల్పులో ఇమిడిపోయాయి.

గాలి అటూ ఇటూ ఒకటే అయినా పెట్టెలోని ఎలక్ట్రానిక్స్ ఒకటి కాదు. పంపే ఆంప్లిఫయర్ ఫేజ్ వేరు, వినే ఆంప్లిఫయర్ ఫేజ్ వేరు, పైగా రెండూ వేడికి మారతాయి. మే నెల మధ్యాహ్నం మేడ మీద చెయ్యి ఆనించలేనంతగా కాలే ప్యానెల్‌లో 64 ఆంప్లిఫయర్ గొలుసులూ ఒకే తీరుగా మారవు. అందుకే ప్యానెల్ లోపలే ఒక పరీక్షా సిగ్నల్‌ను తిప్పి, తేడాలను కొలిచి, వాటిని లెక్కలో సరిచేసుకునే క్యాలిబ్రేషన్ ఎప్పటికప్పుడు జరుగుతూ ఉండాలి. సిమ్యులేషన్లలో ఇది కనిపించదు. 2022 మే 17న ప్రారంభమైన, ఐఐటీ మద్రాస్ నేతృత్వంలో ఐఐటీ హైదరాబాద్ సహా 8 సంస్థలు దాదాపు 220 కోట్ల రూపాయలతో నిర్మించిన 5జీ టెస్ట్‌బెడ్ అనే పరీక్షా వేదిక నాకు ముఖ్యంగా కనిపించేది ఇందుకే. గుణకాలు పుస్తకంలో ఇచ్చినట్టు కాక పరికరం ఇచ్చినట్టు వచ్చినప్పుడు అల్గారిథమ్ ఏమవుతుందో మన విద్యార్థులు చూడవలసింది అలాంటి చోటనే.

ఫోన్ వైపు కూడా చిక్కులున్నాయి. ఈ బ్యాండ్‌లో ఫోన్లకు సాధారణంగా వినడానికి నాలుగు యాంటెన్నాలు ఉంటాయి కానీ పంపగలిగేది ఒకటో రెండో. కాబట్టి సౌండింగ్ సిగ్నల్‌ను ఒక్కో యాంటెన్నా నుంచి వంతులవారీగా పంపాలి, అలా మార్చి పంపలేని ఫోన్ అయితే నాలుగు సమీకరణాల్లో కొన్నిటి గుణకాలే టవర్‌కు తెలుస్తాయి. ఫోన్ శక్తి చూస్తే సాధారణంగా 200 మిల్లీవాట్లు. సెల్ అంచున, అంటే టవర్ పరిధి చివర, ఉన్న ఫోన్ సౌండింగ్ టవర్‌కు చేరేసరికి నాయిస్‌లో కలిసిపోతుంది. బీమ్ సాయం ఎవరికి అన్నిటికన్నా ఎక్కువ అవసరమో, వారి గుణకాలే టవర్‌కు అన్నిటికన్నా తక్కువ తెలుస్తాయి. నా ఉద్యోగంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టిన విషయం ఇదే. అంచున ఉన్నవారికి కోడ్‌బుక్ పద్ధతికి మారడం, సౌండింగ్‌ను మొత్తం బ్యాండ్ మీద ఒకేసారి కాకుండా చిన్న ముక్కల మీద శక్తి కేంద్రీకరించి పంపించడం లాంటివి కొంత ఉపశమనం ఇస్తాయి.

మరో చిక్కు పక్క టవర్ నుంచి వస్తుంది. సౌండింగ్‌కు వాడే సంకేత క్రమాలు పరిమితం కాబట్టి అవే క్రమాలను కొంత దూరంలోని సెల్‌లో మళ్లీ వాడాలి. అప్పుడు టవర్ వినేది తన ఫోన్ గుణకాలనే కాదు, ఎక్కడో ఉన్న మరో ఫోన్ గుణకాలు కలిసిన మొత్తాన్ని. ఆ మొత్తాన్ని నమ్మి బీమ్ వేస్తే ఆ అపరిచిత ఫోన్ వైపు కూడా శక్తి వెళుతుంది. యాంటెన్నాల సంఖ్యను అనంతంగా పెంచితే నాయిస్ సమస్య, ఫేడింగ్ సమస్య మాయమైపోయినా ఇది మాత్రం మిగిలిపోతుందని 2010లో థామస్ మార్జెట్టా చూపించారు. మాసివ్ మైమో అనే మాటకు పునాది వేసిన ఆ పరిశోధనా పత్రమే దాని హద్దునూ చెప్పింది. రెండు ఫోన్ల సిగ్నల్స్ వచ్చే తీరులో స్థిరమైన తేడాలుంటాయని, వాటిని ఉపయోగించుకుంటే ఈ హద్దును కూడా దాటవచ్చని ఎనిమిదేళ్ల తర్వాత బ్యోర్న్‌సన్, హోయ్డిస్, సంగ్వినెట్టి చూపించారు. ఇక్కడ కూడా కొత్త యాంటెన్నా ఏదీ రాలేదు, గుణకాల గురించి మరికాస్త తెలుసుకోవడమే జరిగింది.

ప్రస్తుతం నా పని ఎక్కువగా రైలు మార్గాల పక్కనున్న సైట్ల మీద సాగుతోంది. గంటకు 130 కిలోమీటర్ల వేగంతో వెళ్లే రైలులోని ఫోన్‌కు 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర గుణకాలు దాదాపు ఒక మిల్లీసెకనులో మారిపోతాయి. సౌండింగ్ 20 మిల్లీసెకన్లకు ఒకసారి వస్తే, ఆ లోపు రైలు 72 సెంటీమీటర్లు, అంటే ఎనిమిది తరంగదైర్ఘ్యాలకు పైగా జరిగిపోతుంది. టవర్ చేతిలో ఉన్న గుణకాలు అప్పటికే చెల్లనివి. వాటితో సున్నాలు సర్దబోతే లాభం కన్నా నష్టమే ఎక్కువ.

అయితే మారేవన్నీ ఒకే వేగంతో మారవు. పట్టాలకు కిలోమీటరు దూరంలో టవర్ ఉంటే, ఆ 72 సెంటీమీటర్ల కదలికకు రైలు ఉన్న దిక్కు మారేది 0.04 డిగ్రీలు. ఎనిమిది వరుసల ప్యానెల్ వేసే బీమ్ వెడల్పు సుమారు 13 డిగ్రీలు కాబట్టి, రైలు ఆ బీమ్‌ను దాటడానికి ఆరు సెకన్లు పడుతుంది. ఫేజ్ మిల్లీసెకనులో మారుతుంది, కోణం సెకన్ల తరబడి నిలుస్తుంది. ఒక్కో దారి కోణం, ఆలస్యం, కదలిక వల్ల ఫ్రీక్వెన్సీలో వచ్చే డాప్లర్ మార్పు అనేవి నెమ్మదిగా మారే సంఖ్యలు, మనం గుణకం అని కొలిచేది వీటన్నిటి మొత్తం. ఆ మొత్తాన్ని పదే పదే కొలవడం కన్నా, దాన్ని పుట్టిస్తున్న నాలుగైదు దారులను పట్టుకుని తర్వాతి మిల్లీసెకను గుణకాన్ని ముందే లెక్కించడం మేలని నేను నమ్ముతున్నాను. 2017లో రోనీ హదానీ, ఆయన సహచరులు ప్రతిపాదించిన ఓటీఎఫ్ఎస్ అనే పద్ధతి డేటాను సైతం ఈ ఆలస్యం, డాప్లర్ అనే అక్షాల మీదే పేర్చి పంపుతుంది. మా దగ్గరున్న పరికరాల్లో అది లేదు. అందువల్ల ఇప్పటికి రైళ్ల సైట్లలో సున్నాలు సర్దే ప్రయత్నం మానేసి, కోణాన్ని మాత్రమే నమ్మి వెడల్పాటి బీమ్‌లు వేస్తూ, రెండు ధ్రువణాల మీద రెండు ప్రవాహాలు పంపే అమరిక పెట్టాము. గత వారం డ్రైవ్ టెస్ట్ ఫోన్‌ను కిటికీ పక్కన పెట్టుకుని చూసినంత సేపూ ర్యాంక్ 2 దగ్గర నిలకడగా ఉంది. బోగీ మధ్యలోని సీట్ల దగ్గర ఏమవుతుందో వచ్చే వారం కొలవాలి.